ఆర్మీ ఇచ్చిన గ్రాడ్యుయేషన్ కాగితం కాలేజీలో ఎందుకు చెల్లలేదు?

చిత్తూరు పక్క మండలం నుంచి ఒక మాజీ సైనికుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 39. 2003లో పదో తరగతి పాసై, ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో వదిలేసి, 2004లో సైన్యంలో చేరారు. ఇరవై ఏళ్లు పనిచేసి హవల్దారుగా 2024లో, తల్లి ఆరోగ్యం కోసం సొంత కోరికపై ఇంటికొచ్చారు. వచ్చేటప్పుడు సైనికుల సర్వీసు వివరాలు ఉంచే రికార్డ్ ఆఫీస్ వారు ఒక సర్టిఫికెట్ ఇచ్చి, ‘ఇది డిగ్రీతో సమానం’ అన్నారట. చివరి నాలుగేళ్లు కొత్త కుర్రాళ్లకు మ్యాప్ రీడింగ్ నేర్పిన అనుభవం ఉంది. ఇప్పుడు తెల్లవారుజామున ఊరి చెరువుకట్ట మీద అగ్నివీర్ సెలక్షన్లకు పోయే పిల్లలను పరిగెత్తిస్తున్నారు. పగలంతా చిత్తూరులో ఒక షోరూమ్ దగ్గర సెక్యూరిటీ గార్డు ఉద్యోగం. పన్నెండు గంటల డ్యూటీ.

టీచర్ కావాలన్నది ఆయన కోరిక. బీఈడీ కోసం తిరుపతిలో ఒక కాలేజీకి వెళ్లి ఆర్మీ సర్టిఫికెట్ చూపిస్తే, ఆఫీసులో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది డిగ్రీ కాదు, మార్కుల లిస్టులు లేవు, ఇంటర్ కూడా లేదు’ అని వెనక్కి ఇచ్చేశారు. వెనక నిలబడిన పిల్లలు నవ్వారని రాశారు. బయట కలిసిన ఒక ఏజెంటు, 45 వేలు ఇస్తే ఉత్తరాది యూనివర్సిటీ నుంచి పాత తేదీలతో డిగ్రీ తెప్పిస్తానన్నాడు. అమెరికాలో ఉన్న చిన్నాన్న కొడుకేమో, ‘ఇక్కడ మిలిటరీలో పనిచేస్తే చదువు మొత్తం గవర్నమెంటే చదివిస్తుంది, అక్కడ కూడా ఏదో ఉంటుంది, అడుగు’ అన్నాడట.

ఇంట్లో పాప ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, బాబు ఎనిమిదో తరగతి. తోతాపురి మామిడి తోట రెండెకరాలు ఉన్నా, 2025లో ధర పడిపోయి కోత కూలి కూడా రాలేదు. పెన్షన్ మీదే ఇల్లు నడుస్తోంది. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మిగిలింది పాప ఇంజినీరింగ్ కోసం బ్యాంకులో వేశారు. ‘నేను చదువుకు ఏదైనా సాయం తీసుకుంటే పాపకు వచ్చేది పోతుందా? మా అన్న పలకా బలపం కొనిస్తా పో అంటున్నాడు. నా భార్య ఏమీ అనడం లేదు. ఆమె ఏమీ అనకపోవడమే నాకు టెన్షన్‌గా ఉంది. ఈ వయసులో చదువుకోవాలనుకోవడం తప్పా సార్?’ అని ముగించారు.

తమ్ముడూ,

తప్పు కాదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. నలభై దాటి ముందు బెంచీలో కూర్చున్నవాళ్లను చూశాను. వాళ్లు తెచ్చుకున్న నోటు పుస్తకాలు ఇప్పటికీ గుర్తున్నాయి. పిల్లలు మొదటి వారం చూస్తారు, రెండో వారం పక్కన కూర్చుంటారు, పరీక్షలప్పుడు నోట్సు అడుగుతారు. ఆ నవ్వుల సంగతి అంతవరకే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినవి ఆ సర్టిఫికెట్, ఆ ఏజెంటు.

ముందు సర్టిఫికెట్ సంగతి. రికార్డ్ ఆఫీస్ మీకు అబద్ధం చెప్పలేదు, కాలేజీ వాళ్లూ అన్యాయం చేయలేదు. రెండూ వేర్వేరు విషయాలు. మాజీ సైనికులను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి 1979లో నిబంధనలు చేశారు. 1986లో వాటిని సవరించి, పదో తరగతి పాసై, పదిహేనేళ్లకు తగ్గకుండా సర్వీసు చేసి, ఆర్మీ ప్రత్యేక విద్యా సర్టిఫికెట్ ఉన్నవాళ్లను, డిగ్రీ అడిగే గ్రూప్-సి (క్లర్కు స్థాయి) పోస్టుల్లో మాజీ సైనికులకు కేటాయించిన ఖాళీలకు అర్హులుగా చూడవచ్చన్నారు. సాంకేతిక అనుభవం తప్పనిసరి అయిన పోస్టులకు ఇది వర్తించదు. అంటే మీ కాగితం ఉద్యోగం కోసం ఇచ్చినది. యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీ కాదు. బీఈడీకి డిగ్రీ మార్కులు చూస్తారు, ఏ సబ్జెక్టులు చదివారో చూసి దాన్నిబట్టి మెథడాలజీ, అంటే ఏ సబ్జెక్టు బోధించడం నేర్చుకోవాలన్నది, ఇస్తారు. మీ కాగితం మీద సబ్జెక్టే లేనప్పుడు సోషల్ ఇవ్వాలా, లెక్కలు ఇవ్వాలా? ఆ కౌంటర్లో కూర్చున్న మనిషి కాస్త మర్యాదగా, కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. ఇరవై ఏళ్లు సరిహద్దులో గడిపిన మనిషికి రెండు నిమిషాలు ఇవ్వలేకపోవడం నాకు కష్టంగానే అనిపించింది. కానీ చెప్పిన మాట సరైనదే.

ఏజెంటు గురించి ఒక్క మాటే. ఆ నంబరు ఫోన్లోంచి తీసేయండి. పాత తేదీల డిగ్రీ అంటే దొంగ డిగ్రీ. ప్రభుత్వ ఉద్యోగంలో చేరాక సర్టిఫికెట్లను యూనివర్సిటీకి పంపి సరిచూస్తారు. అక్కడ దొరికితే ఉద్యోగం పోతుంది, మోసం కేసు నడుస్తుంది. తీవ్రమైన నేరం రుజువైతే పెన్షన్‌ను ఆపే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. ఇరవై ఏళ్లు మచ్చ లేకుండా సంపాదించుకున్న డిశ్చార్జ్ బుక్ మీది. 45 వేలు మళ్లీ సంపాదించుకోవచ్చు, అది మళ్లీ రాదు. అతనికి ఇప్పటికే జిరాక్సులు ఇచ్చి ఉంటే, వాటిమీద ఏ అప్లికేషనూ పెట్టొద్దని మెసేజ్ రాసి, ఆ మెసేజ్ దాచుకోండి.

మీ చిన్నాన్న కొడుకు చెప్పింది అక్కడి వరకు నిజం. అమెరికాలో 1944లోనే యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల చదువు కోసం చట్టం చేశారు. ఇప్పుడున్న పథకంలో సర్వీసును బట్టి 36 నెలల వరకు ఫీజు, ఇంటి అద్దెకు భత్యం, పుస్తకాలకు కొంత ఇస్తారు. మన దేశంలో సాయాన్ని ఇంకో పద్ధతిలో అల్లారు. అగ్నివీర్ పద్ధతి రాకముందు మీలా చేరిన సైనికుడు పదిహేనేళ్ల సర్వీసుకే జీవితాంతం పెన్షన్‌తో వస్తాడు. అక్కడ మామూలుగా ఇరవై ఏళ్లు చేయాలి. చదువు కోసం ఇచ్చే డబ్బు మాత్రం ఇక్కడ ఎక్కువగా పిల్లలకు, సైనికుల వితంతువులకు వెళ్తుంది. సైనికుడికి ఇచ్చేది ఉద్యోగాల్లో కోటా, వయసు సడలింపు, డిశ్చార్జికి ముందు చేసే పునరావాస కోర్సులు. ఆ కోర్సులను డీజీఆర్ అనే పునరావాస డైరెక్టరేట్ నడుపుతుంది, జవాన్లకు ఫీజు ఉండదు. మీరు అవసరం మీద తొందరగా వచ్చేశారు కాబట్టి అది వాడుకున్నట్టు లేదు. రిటైరైనవాళ్లకూ కొన్ని కోర్సులు పెడుతుంటారు. ఒకసారి అడగండి, కానీ దానిమీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మీ బీఈడీ ఫీజు మొత్తం ఎవరో కడతారన్న లెక్కతో మాత్రం ఇంట్లో మాట్లాడకండి.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న. మీరు చదువుకోవడం వల్ల పాపకు వచ్చేదానికి ఏ గండీ పడదు. పాప స్కాలర్‌షిప్ మీ సర్వీసు మీద, పాప మార్కుల మీద ఆధారపడుతుంది. తండ్రి ఏ కాలేజీలో చేరాడన్నది ఆ లెక్కలో లేదు. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద, బీటెక్ లాంటి మొదటి వృత్తి విద్యా కోర్సులో చేరిన ఆడపిల్లకు నెలకు 3 వేలు, మగపిల్లవాడికి 2,500 వస్తుంది. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి. ఏటా దేశం మొత్తానికి 5,500 మందికే ఇస్తారు. యుద్ధంలో, సర్వీసులో చనిపోయినవాళ్ల పిల్లలకు ముందు వరుస, మీలాంటి మామూలు మాజీ సైనికుల పిల్లలది చివరి వరుస. అక్కడ మార్కులే నిర్ణయిస్తాయి. కాబట్టి వస్తుందని ముందే ఖర్చుల్లో కలిపేసుకోకండి. మొదటి ఏడాది చేరగానే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడాది చూద్దాంలే అంటే కుదరదు.

ఈ స్కాలర్‌షిప్ చాలామందికి ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను, ఎందుకంటే మన వైపు ఇది మరీ ఎక్కువ. పేర్లు. మనకు ఇంటిపేరు ముందు. స్కూల్లో ఒక్క అక్షరం వేసి వదిలేస్తారు. సైన్యంలో ఫారం నింపే క్లర్కు అదే ఇంటిపేరును చివర పెట్టి, ఉత్తరాది స్పెల్లింగుతో రాస్తాడు. ఆధార్‌లో మూడో రకం. పాప పుట్టినప్పుడు మీ యూనిట్లో పార్ట్-2 ఆర్డర్ (కుటుంబ వివరాలను సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వు) పడింది కదా, అందులోని పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలోని పేరు, తేదీ ఒకేలా ఉన్నాయా? ఈరోజే డిశ్చార్జ్ బుక్ తీసి చూడండి. తేడా ఉంటే ఇప్పుడే రికార్డ్ ఆఫీస్‌కు రాయండి. జవాబు రావడానికి నెలలు పడుతుంది, కాలేజీ అడ్మిషన్లు మీ కోసం ఆగవు. ఈఏపీసెట్ ఫారంలో సైనికుల పిల్లల కోటా గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయించడం మరవొద్దు. ఆ కోటా 2 శాతం, దానికి ఒరిజినల్ కాగితాలతో విడిగా పరిశీలన ఉంటుంది.

బాబుకు ఇంకో పథకం ఉంది. హవల్దారు, ఆ లోపు ర్యాంకుల మాజీ సైనికుల పిల్లలు ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువు గ్రాంటు. నెలకు వెయ్యి ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 2 వేలు చేశారు. వేరే స్కాలర్‌షిప్ తీసుకుంటున్న పిల్లలకు ఇవ్వరు. రెండేళ్లుగా మీరు దీన్ని అడగనే లేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మీ ఫీజు గురించి దిగులుపడుతూ, ఇంట్లోకి రావాల్సిన ఈ డబ్బును వదిలేశారు. అన్నిటికంటే ముందు దీన్ని అందుకోండి.

ఇప్పుడు మీ చదువు దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బీఈడీ అన్న మాట నాలుగుసార్లు ఉంది. చెరువుకట్ట మీద పిల్లల గురించి మాత్రం ఒక పేజీ మొత్తం రాశారు. ఎవడు పదహారు వందల మీటర్లను ఎన్ని నిమిషాల్లో పరిగెత్తాడో, ఎవడికి చెప్పుల్లేకపోతే ఎవరు కొనిచ్చారో. మీకు పాఠం చెప్పడం ఇష్టమా, పిల్లలను తయారు చేయడం ఇష్టమా? రెండూ ఒకటే అనుకోవద్దు. జవాబును బట్టి దారి మారుతుంది.

ఏ దారిలో పోయినా టీచర్ ఉద్యోగానికి ఇంటర్ లేకుండా కుదరదు. దానికి రెగ్యులర్ కాలేజీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీ గానీ, జాతీయ ఓపెన్ స్కూల్ గానీ చాలు. ఏడాది పని, ఫీజు మీకు భారం కాదు, డ్యూటీ మానాల్సిన పని లేదు. తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు పాప దగ్గరే ఉన్నాయి. ఇంటర్ తర్వాత సబ్జెక్టు టీచర్ కావాలంటే మూడేళ్ల డిగ్రీ, ఆపైన రెండేళ్ల బీఈడీ. మొత్తం ఆరేళ్లు, మీకు 45 దాటుతుంది. డిగ్రీని దూరవిద్యలో చేయొచ్చు. ఇగ్నో ఉంది, ఇంకా యూజీసీ అనుమతి ఉన్నవి ఉన్నాయి. ఇప్పుడు దూరవిద్యలో చేరేవాళ్లు యూజీసీ వెబ్‌సైట్లో డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థి గుర్తింపు నంబరు) తప్పనిసరిగా తీసుకోవాలి. ఆ ఐడీ లేకుండా చేర్చుకుంటామన్న చోట మీరు చేరకండి. బీఈడీ మాత్రం రెగ్యులర్. క్లాసులకు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు నిబంధన. పన్నెండు గంటల సెక్యూరిటీ డ్యూటీతో అది జరగదు. ఫీజు కడితే చాలు, హాజరు మేం చూసుకుంటాం అనే కాలేజీలు ఉన్నాయని మీకూ తెలుసు. అలా చేస్తే చేతిలో కాగితం ఉంటుంది, తరగతి ముందు నిలబడితే నోట మాట రాదు. మీరు అందుకోసం చదవాలనుకోవడం లేదని నా నమ్మకం.

ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎల్‌ఈడీ అనే టీచర్ ట్రైనింగ్ డిప్లొమా చేస్తే చిన్న పిల్లల టీచర్ పోస్టుకు అర్హత వస్తుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బీఈడీ చెల్లదని తేల్చాక ఈ కోర్సు విలువ పెరిగింది. మన జిల్లాకు ఈ కోర్సు చెప్పే ప్రభుత్వ డైట్ కాలేజీ కార్వేటినగరంలో ఉంది. మీ ఊరి నుంచి రోజూ బస్సులో తిరగడం తేలిక కాదు, అక్కడే ఉండాల్సి రావచ్చు. ఆ రెండేళ్లు షోరూమ్ జీతం ఉండదు. ఆ తర్వాత టెట్, డీఎస్సీ. డీఎస్సీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఏళ్ల తరబడి ఎదురుచూసిన పిల్లలు మన తిరుపతి కోచింగ్ సెంటర్ల నిండా ఉన్నారు.

మీరు రాయని దారి ఒకటుంది. ఇంటర్ తర్వాత రెండేళ్ల యూజీడీపీఈడీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడి కోర్సు. దానికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పరుగు, షాట్‌పుట్, జంపు, ఏదైనా ఒక ఆటలో నైపుణ్యం చూస్తారు. ప్రభుత్వ బడిలో పీఈటీ పోస్టుకు ఇదీ, ఇంటరూ అర్హత. ప్రభుత్వ పోస్టు రాకపోయినా, ఆర్మీలో పనిచేసి ఈ డిప్లొమా ఉన్న మనిషిని వదులుకునే ప్రైవేటు స్కూలు చిత్తూరులో ఉండదు. చెరువుకట్ట మీద మీరు రోజూ చేస్తున్న పని ఇదే. కష్టం కూడా చెబుతాను. డబ్బు తక్కువ, ప్రైవేటులో మరీ తక్కువ. ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాత మోకాళ్లు ఎలా ఉన్నాయో మీకే తెలియాలి.

నాలుగో దారి చదువు కాదు, ఉద్యోగం. మీ చేతిలోని సర్టిఫికెట్‌కు ఈరోజే విలువున్న దారి ఇది. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకు. పదో తరగతి, పదిహేనేళ్ల సర్వీసు, ఆర్మీ ప్రత్యేక సర్టిఫికెట్ ఉన్నవాళ్లు అర్హులని ఆ నోటిఫికేషన్లలోనే రాస్తారు. వయసులో సర్వీసు కాలం, దానిపై మూడేళ్లు సడలిస్తారు, 50 దాటకుండా. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో 10 శాతం మాజీ సైనికులకు. ఈ కోటాలో సరిపడా అభ్యర్థులు లేక ఖాళీలు మిగిలిపోవడం మామూలే. పదో తరగతిలో తెలుగు చదివిన మెమో ఉంటే బ్యాంకులో విడిగా తెలుగు పరీక్ష పెట్టరు. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు ఏడాది గట్టిగా చదవాలి. పదో తరగతి వదిలి ఇరవై ఏళ్లు దాటింది కాబట్టి లెక్కలు మొదట మొండికేస్తాయి. బాబు ఎనిమిదో తరగతి పుస్తకంతో మొదలుపెట్టండి. శాతాలు, వడ్డీ, నిష్పత్తులు అందులోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మాజీ సైనికుల కోటాలో ఒకసారి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే, ఆ కోటా మళ్లీ వాడుకోలేరు. చేరేముందే పెట్టిన దరఖాస్తులు ఉంటే, చేరిన వెంటనే వాటి వివరాలు రాసిచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది. అందుకని ముందు చేతికి దొరికిన చిన్న ఉద్యోగంలో చేరిపోదాం, తర్వాత పెద్దది చూద్దాం అన్న ఆలోచన బాగా చూసుకుని చేయాలి.

మీ స్థితిలో నేనుంటే ఏం చేసేవాణ్ణని అడిగితే, ఇంటర్, బ్యాంకు పరీక్ష ఈ ఏడాది ఒకేసారి మొదలుపెట్టేవాణ్ణి. రెండిటికీ షోరూమ్ మానాల్సిన పని లేదు, రెండిటి ఖర్చూ చిన్నదే, పాప డబ్బు జోలికి పోనక్కర్లేదు. బ్యాంకు వస్తే ఇల్లు నిలబడుతుంది, తెల్లవారుజాము చెరువుకట్ట ఎక్కడికీ పోదు. రాకపోతే చేతిలో ఇంటర్ ఉంటుంది, అప్పుడు పీఈటీయా డీఎల్‌ఈడీయా అని కూర్చుని ఆలోచించవచ్చు. కానీ పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కాళ్లతో రాత్రి రెండు గంటలు చదవాల్సింది మీరు, నేను కాదు. అది కుదరదనిపిస్తే ఒక్కటే పట్టుకోండి. ముందు డ్యూటీ మార్చుకోగలరేమో చూడండి. డీజీఆర్ గుర్తింపున్న ఏజెన్సీల ద్వారా ప్రభుత్వ రంగ సంస్థల్లో గార్డుగా చేరితే ఎనిమిది గంటల షిఫ్టు, డీజీఆర్ నిర్ణయించిన వేతనం ఉంటాయి. ఆ నాలుగు గంటలే మీ చదువు.

మీ అన్న మాటను మనసులో పెట్టుకోకండి. పలక నిజంగానే కొనిస్తే తీసుకోండి, లెక్కలకు పనికొస్తుంది. మీ ఆవిడ మౌనం దగ్గర మాత్రం ఆగాలి. ఇరవై ఏళ్లు మీరు సెలవుకు వచ్చిపోతుంటే, మీ అమ్మగారి మందులు, పిల్లల స్కూలు, తోట, నీళ్ల మోటారు ఒక్కతే చూసుకుంది. మీరు వచ్చారు, ఇక కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు అనుకునేలోపు మీరు మళ్లీ పుస్తకాలు పట్టుకుని తిరుపతి పోతానంటున్నారు. ఆమె వద్దనడం లేదు, కావాలనీ అనడం లేదు. బహుశా ఇంకోసారి ఒంటరిగా మిగులుతానేమోనని ఆలోచిస్తూ ఉండవచ్చు. ఊహించడం ఎందుకు, అడగండి. ఒక ఆదివారం పెన్షన్, ఖర్చులు, పాప ఫీజు, మీ ఫీజు అన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టండి. బ్యాంకులో ఉన్న పాప డబ్బు ముట్టుకోనని ముందే చెప్పండి. రాత్రి మీరు చదివే ఆ రెండు గంటల్లో ఇంటి పని ఎవరు చేస్తారో కూడా ఆ కాగితం మీదే రాయండి. ఆమె ఇంటర్ పాసైందని మీరే ఒక మూల రాశారు. అప్పుడు మీ ఇంట్లో మీకంటే ముందు పాసైన మనిషి ఆమే. ఇంగ్లీషు పద్యాలు ఆమెను అడిగి చెప్పించుకోండి.

వచ్చే వారం ఒకరోజు సెలవు పెట్టుకుని చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ ఉత్తర్వు), మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, పిల్లల ఆధార్, పదో తరగతి మెమోలు, బ్యాంకు పాస్‌బుక్, అన్నీ ఒరిజినల్స్, రెండేసి జిరాక్సులు. బాబు గ్రాంటు, పాప పేరు సరిచేయించడం, డీజీఆర్ కోర్సులు, ఏజెన్సీల వివరాలు, ఈ నాలుగూ అడగండి. చెప్పింది నోటితో విని వచ్చేయకుండా అక్కడే రాసుకోండి. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. పాప ఫలితాలు వచ్చాక నాకు మళ్లీ రాయండి, మార్కులతో సహా.